అమ్మ తినని రొట్టె

మా అమ్మ చేసిన రొట్టెను నారాయణఖేడ్‌లో మా సంఘమంతా తిన్నది. అమ్మ మాత్రం పదిహేనేళ్ళకు పైగా ఆ రొట్టె నోట పెట్టలేదు. ఈ సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు. అమ్మ పోయిన రోజు సమాధి దగ్గర ఆమె గురించి చాలామంది మంచి మాటలు చెప్పారు. ప్రార్థనాపరురాలన్నారు, విశ్వాసంలో ఎన్నడూ తొణకలేదన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ అమ్మ వింటే ఒప్పుకునేది కాదు. ఆమె ఒకసారి తొణికింది. ఆ తొణికిన చోటే దేవుడు ఎట్లాంటివాడో మా ఇంటికి తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

రొట్టె అంటే ఇంట్లో రోజూ తినే జొన్నరొట్టె కాదు. ప్రభువు బల్ల కోసం, అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన కోసం, చేసే గోధుమ రొట్టె. మా అయ్యగారు, అంటే పాస్టరు, మనూర్ వైపూ నాగల్‌గిద్ద వైపూ ఉన్న పల్లెల సంఘాలన్నిటినీ చూసుకునేవాడు. బస్సు దొరికితే బస్సులో, లేకపోతే సైకిలు మీద తిరిగేవాడు. కాబట్టి ఖేడ్‌లో మా చిన్న పెంకుల గుడిలో బల్ల నెలకో, రెండు నెలలకో ఒకసారి ఉండేది. మిగిలిన ఆదివారాలు సంఘపెద్ద ప్రార్థన నడిపించేవాడు.

రొట్టె చేసే పని అమ్మకు ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే అది ఆమె పని. మా దగ్గర గిర్నీ పొద్దంతా జొన్నలే విసిరేది. అందులో గోధుమలు పట్టిస్తే జొన్నపిండి కలుస్తుందని అమ్మ ఇంట్లో విసుర్రాయి మీదే విసురుకునేది. బల్లకు ముందు శనివారం మధ్యాహ్నం పొయ్యి ముందు కూర్చుని, ఉప్పు వేయకుండా, నూనె చుక్క తగలకుండా, పలుచగా, చిన్నగా రొట్టెలు చేసేది. అవి చల్లారాక తెల్లగుడ్డలో చుట్టి పైన అలమారలో పెట్టేది. ఆ పని జరుగుతున్నంతసేపూ నన్ను తిట్టేది కాదు. మామూలు రోజుల్లో నేను తిట్లు బాగానే తినేదాన్ని కాబట్టి ఆ శనివారం మధ్యాహ్నాలు నాకు ఇష్టం.

ద్రాక్షరసం కోసం కిస్‌మిస్ నానబెట్టి పిండేవాళ్ళు. బజారులో కన్నడం మాట్లాడే శెట్టి కొట్లో కిస్‌మిస్ దొరికేది. నేను పోయి అడిగితే ఆయన నవ్వేవాడు.

"ఏనమ్మా, మళ్ళా మీ దేవర ఊట వచ్చిందా?"

ఊట అంటే భోజనం. ఆయన ఎగతాళికి అన్నా, ఆ మాట నాకు సరిగ్గా ఉన్నట్టు తోచేది. తూచిన తర్వాత నాలుగు కిస్‌మిస్‌లు ఎక్కువే వేసేవాడు.

మా నాయిన తహసీలు ఆఫీసులో అటెండరు. నాకంటే ముందు అమ్మానాయినలకు ఒక కొడుకు పుట్టి, రెండేళ్ళ వయసులో జ్వరం వచ్చి పోయాడు. ఆ పిల్లవాడి కోసం సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది. అయినా పోయాడు. అమ్మ అప్పుడు దేవుణ్ణి ఏమీ అనలేదట. ఆదివారం ఎప్పటిలాగే గుడికి పోయిందట. అనవలసింది లోపలే ఉండిపోయిందని నేను అనుకుంటాను.

డెబ్బైల మధ్యలో, నాకు ఆరేళ్ళప్పుడు, ఒళ్ళంతా తట్టు పోసింది. మా వైపు దాన్ని తల్లి వచ్చిందంటారు. తట్టు తగ్గుముఖం పట్టాక జ్వరం రొమ్ముకు పట్టింది. దవాఖానలో సూది వేశారు, సీసాలో మందు పోసి ఇచ్చారు. సంఘం వాళ్ళు వచ్చి ప్రార్థన చేశారు. జ్వరం దిగలేదు. నేను కళ్ళు తెరవడం మానేశానట.

మా పక్కింట్లో ఒకామె ఉండేది. ఆమెను నేను పెద్దమ్మా అనేదాన్ని. కంది చేలల్లో కూలికి పోయేది. అమ్మకు తోబుట్టువులు లేరు, ఆమే అక్క. ఒకరింట్లో ఉల్లిగడ్డ లేకపోతే ఇంకొకరింట్లోది తెచ్చుకునేంత చనువు. ఆ రోజు నాయిన ఆఫీసుకు పోయాక పెద్దమ్మ వచ్చి నన్ను చూసింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో తర్వాత ఇద్దరూ వేరువేరుగా నాకు చెప్పారు. ఇద్దరూ ఒకే తీరుగా చెప్పారు.

"చెల్లే, ఇంకెన్నొద్దులు చూస్తవే? పిల్ల కండ్లు తెరుస్తలేదు. పోచమ్మకు సల్లటి నీళ్ళు పోసి మొక్కుదాం రా."

"మేం మొక్కొద్దక్కా."

"మీ దేవునికి నేను చెప్పుకుంటలే, నేనే గుంజుకపోయిన అని. తప్పంత నా మీదేసుకుంట. నువ్వు పిల్లనెత్తుకో ఇగ, జల్దీ."

అమ్మ నన్ను భుజాన వేసుకుంది. పెద్దమ్మ పసుపు నీళ్ళ చెంబు, పెరుగన్నం పట్టుకుంది. ఊరి చివర పోచమ్మ గుడి దగ్గరికి మిట్టమధ్యాహ్నం నడిచిపోయారు. నా కాళ్ళ మీద చల్లటి నీళ్ళు పడడం, వేపాకు వాసన, ఇవి నాకు లీలగా గుర్తున్నాయి. చాలా ఏళ్ళు అది కల అనుకున్నాను.

పెద్దమ్మ మొక్కింది. అది ఆమె దేవత, ఆమె విశ్వాసం. ఆమె చేసిన దాంట్లో ఏ దాపరికమూ లేదు. అమ్మ కూడా నీళ్ళు పోసింది. పోసి, ఎన్ని ప్రార్థనలు చేసినా వినలేదన్న కోపంతో ఒక మాట అన్నది.

"మా దేవుడు ఇంటలేడు. నువ్వన్న ఇను తల్లీ."

తర్వాత రెండు మూడు రోజుల్లో నాకు జ్వరం దిగింది. నేను లేచి కూర్చుని జొన్నగటక అడిగానట. నాయిన దేవునికి స్తోత్రం చెప్పాడు. సంఘం స్తుతి ప్రార్థన పెట్టుకుంది. పెద్దమ్మ పోచమ్మకు దండం పెట్టుకుంది. అమ్మ ఎవరితోనూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత వచ్చిన బల్ల ఆదివారం అమ్మ రొట్టె చేసి తీసుకుపోయింది. కానీ తినలేదు.

ఇన్నేళ్ళు ఎవరికీ తెలియకుండా ఎట్లా ఉంటుందని అడిగేవాళ్ళున్నారు. మా గుడి సంగతి తెలిస్తే అందులో వింతేమీ లేదు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చునేవాళ్ళం. వరసలు వరసలుగా లేచి ముందుకు పోయి, మోకరించి తీసుకుని వచ్చేవాళ్ళం. అమ్మ అందరికంటే వెనక, తలుపు దగ్గర కూర్చునేది. గిన్నెలు, గ్లాసులు ఆమె బాధ్యత. చివరి వరస లేచేసరికి ఆమె గ్లాసులు కడగడానికి నీళ్ళు వేడి చేయాలని వెనక వసారాలోకి పోయేది. పొద్దున రొట్టె అప్పగించేటప్పుడే సంఘపెద్ద ఆమెకు విడిగా ఇప్పిస్తాడని అయ్యగారు అనుకున్నాడు. చివర్న అయ్యగారే వెనక్కి పోయి ఇచ్చి వస్తాడని సంఘపెద్ద అనుకున్నాడు. నాయిన మగవాళ్ళ వరసలో తలవంచుకుని పోయి తలవంచుకుని వచ్చేవాడు. చేసిన మనిషి తినకుండా ఉంటుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వంటామె పస్తులుంటుందని పెళ్ళిలో ఎవరనుకుంటారు?

నన్ను పదహారో ఏట బల్లలో చేర్చుకున్నారు. ఆ రోజు నేను మొదటిసారి రొట్టె తీసుకుని, అమ్మకు చెప్పాలని వసారాలోకి పోయాను. అమ్మ బూడిదతో పళ్ళెం తోముతూ ఉంది.

"నువ్వు తీసుకోలేదేందే?"

"నాది ఉన్నది గాని, నువ్వు ముందు నోరు మూసుకొని పోయి ప్రార్థన చేసుకో. ఇయ్యాలైనా."

నాది ఉన్నదంటే ఎవరో విడిగా పెట్టి ఉంచారని నేనూ అనుకున్నాను. ఆ తర్వాత టీచరు ట్రైనింగుకు పోయాను, మనూర్ వైపు ఒక పల్లెలో ఉద్యోగం వచ్చింది. రోజూ డిపో నుంచి పొద్దుటి బస్సు ఎక్కి పోయి సాయంత్రం వచ్చేదాన్ని. అమ్మ అలవాట్లు నాకు గోడల్లాగా అయిపోయాయి, కనిపించేవి కావు.

తొంభైల మొదట్లో మా సంఘానికి కొత్త అయ్యగారు వచ్చాడు. కోస్తా వైపు మనిషి, పిన్న వయసు. అందరినీ అండీ అనేవాడు. మా వాళ్ళు మొదట్లో వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళు, ఇంకెవరినో పిలుస్తున్నాడేమోనని. ఆయన పెట్టిన మొదటి బల్లనాడే, రొట్టెను ఆశీర్వదించాక, వెనక తలుపు వైపు చూసి అన్నాడు.

"ఈ రొట్టె సిద్ధం చేసిన అమ్మగారు ముందు రావాలండీ. సేవ చేసేవాళ్ళే చివర మిగిలిపోతున్నారు. రండమ్మా."

మంచి మనసుతో అన్న మాట. అమ్మ నీళ్ళ బిందె పట్టుకుని తలుపులో నిలబడిపోయింది.

"నాకొద్దు అయ్యగారూ. మీరు కానియ్యుండ్రి."

"సిగ్గెందుకమ్మా? రండి రండి."

"సిగ్గు కాదయ్యా. నేను తినరాదు."

గుడిలో అందరూ వెనక్కి తిరిగారు. అమ్మ బిందె కింద పెట్టింది. పమిట కొంగు చేతికి చుట్టుకుని, నేలను చూస్తూ చెప్పింది.

"మా పిల్లకు తల్లి పోసినప్పుడు పోచమ్మ కాడికి ఎత్తుకపోయిన. నీళ్ళు పోసిన. పోస్తే పోసిన, గది కాదు. మా దేవుడు ఇంటలేడు అని నోటితోని అన్న. ఆయన ఇంటనే ఉన్నడు. పిల్ల బతికింది, గీడనే కూసున్నది. ఇంటలేడన్న నోటితోని ఆయన రొట్టె ఎట్ల తినాలె? గప్పటిసంది తింటలే."

నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఇరవై ఏళ్ళు దాటిన దాన్ని, పంతులమ్మను. అందరూ నన్ను చూశారు. నా కాళ్ళ మీద పడ్డ చల్లటి నీళ్ళు కల కాదని అప్పుడు తెలిసింది.

అయ్యగారు పళ్ళెం పట్టుకుని అట్లాగే ఉన్నాడు. సంఘపెద్ద లేచాడు. ఆయన చెడ్డవాడు కాదు. పైకప్పు పెంకులు ఎగిరిపోతే సొంతంగా ఎక్కి సర్దిన మనిషి. కానీ ఆ రోజు ఆయనకు భయం వేసింది.

"మరి ఇన్నేండ్ల సంది మనం తిన్నదేంది? గా చేతులతోని చేసిందే గదా? తాను తినరాదంట, మనకు మాత్రం పెట్టొచ్చునా? మనం తిన్నది బల్లేనా అసలు?"

 ఆ ప్రశ్న చాలామందికి తగిలింది. అప్పుడు ముందు వరసలో ముసలవ్వ ఒకామె, సంఘంలో అందరికంటే పెద్దది, ఎవరికీ జంకనిది, కూర్చున్న చోటు నుంచే అందుకుంది.

"ఏమయ్యా పెద్దమనిషీ, తిన్నది కడుపుల పడలేదా నీకు? నా మొగడు సచ్చినప్పుడు గా రొట్టె తిన్నంకనే నాకు లేచి నిలబడ చాతనైంది. గా బలం ఈమె చేతులదనుకున్నవా? ఈమె పిండి పిసికింది. ఇచ్చినోడు ఇచ్చిండు."

"అట్ల కాదవ్వా, ఒక పద్ధతి..."

"పద్ధతి సంగతి నాకు చెప్పకు. గీడ ఎవరి పిల్లల మొలల తాయెత్తు లేదో లేచి నిలబడుండ్రి. చూద్దాం."

ఎవరూ లేవలేదు. మా ముందు కూర్చున్న ఒకామె ఒళ్ళో పిల్లవాడి అంగీ కిందికి లాగింది.

"నీ మనవని మొలకున్నదేందయ్యా? తాళంచెవా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు మగవాళ్ళ వైపు కూడా పాకింది. సంఘపెద్ద ముఖం ఎర్రబడింది.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. ప్రభువు బల్లంటే బజార్ల మిర్చీల బండి అయింది మీకు."

ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. ఆయన అన్నదాంట్లోనూ నిజం ఉందని అందరికీ తెలుసు. అయ్యగారు తడబడుతూనే ప్రార్థన చేసి, వచ్చినవాళ్ళకు రొట్టె పంచాడు. కొందరు తీసుకున్నారు, కొందరు తీసుకోలేదు. అమ్మ గ్లాసులు కడిగి, తుడిచి, పెట్టెలో సర్ది ఇంటికి వచ్చింది.

ఆ సాయంత్రం నాయిన వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. అమ్మ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నాయిన అడిగాడు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు మాఫ్ చేస్తుంటివి. గదే భయం."



"మరి ఆయన చెయ్యడా?"

"చేస్తడు," అంది అమ్మ. చాట పక్కన పెట్టింది. "గందుకే ఎక్కువ భయం."

నేను చాలా పుస్తకాలు చదివాను. కృప గురించి, క్షమాపణ గురించి పెద్దవాళ్ళు రాసినవీ చదివాను. మనిషి దేవుని కోపానికి భయపడి దూరం పోతాడని రాస్తారు. దేవుని మంచితనానికి భయపడి దూరం ఉండిపోయిన మనిషిని నేను మా ఇంటి గడప మీదే చూశాను. దేవుడు తనను వదిలేశాడని అమ్మ ఒక్కరోజు కూడా అనుకోలేదు. వదలలేదని ఆమెకు బాగా తెలుసు. తాను చెయ్యి విడిపించుకున్నా ఆయన విడవలేదని, పిల్లను ఇచ్చాడని, నాయినకు ఉద్యోగం నిలబెట్టాడని, బల్లకు ముందు ప్రతి శనివారం తన చేతికి గోధుమపిండి ఇచ్చి పనిలో పెట్టుకున్నాడని తెలుసు. ఆ తెలిసినదాన్నే ఆమె భరించలేకపోయింది. తన వైపు నుంచి ఏదో ఒకటి చెల్లిస్తే తప్ప ఆమెకు ఊపిరి ఆడలేదు. తినకుండా ఉండడమే ఆ చెల్లింపు.

ఆ వారంలో సంఘం పెద్దలు కూర్చుని, కొంతకాలం రొట్టె ఇంకొకరు చేస్తే మంచిదని అనుకున్నారు. ఆ మాట చెప్పడానికి అయ్యగారు మా ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని టీ గ్లాసు రెండు చేతులతో తిప్పుతూ ఉన్నాడు. ఆయనకు ఆ నిర్ణయం ఇష్టం లేదని ముఖంలో కనిపిస్తోంది.

"బరాబరే అయ్యగారూ," అంది అమ్మ. "నేనే చెప్పాలనుకున్న."

అంతలో పక్కింటి పెద్దమ్మ లోపలికి వచ్చింది. ఊళ్ళో మాట ఆమె దాకా చేరింది. చేను నుంచి నేరుగా వచ్చినట్టుంది, నెత్తి మీద గుడ్డ కూడా తీయలేదు.

"మీరేనా వీళ్ళ అయ్యగారు? గిది ఎక్కడి న్యాయమయ్యా? పిల్లను తీస్కపోయింది నేను. గామె రానంటే గుంజుకపోయిన. ఏమన్న సజా ఉంటే నాకు ఎయ్యుండ్రి. నన్ను అడుగుండ్రి."

"అమ్మా, మేమేమీ శిక్ష వేయలేదండీ."

"వెయ్యకుంటే మరి ఇన్నేండ్లు ఎందుకు తినలే?" పెద్దమ్మ అమ్మ వైపు తిరిగింది. "ఏమే, ఈ సజా నీకెవరేసిండ్రు? గీ అయ్య ఎయ్యలేదంటుండు. మీ దేవుడేసిండా?"

అమ్మ కొంగు చివర మడతపెడుతూ ఉంది.

"చెప్పు. ఏసిండా?"

"ఎయ్యలే."

"మరి నీకు నువ్వే ఏసుకున్నవా? పెద్ద తహసీల్దారువైనవ్ గదా."

అయ్యగారు నవ్వు ఆపుకోలేక టీ గ్లాసులోకి చూశాడు. పెద్దమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాతోనన్న చెప్పకపోతివి. రోజు పక్కన కూసుంటివి," అంది. అమ్మ లేచి ఆమెకు కూడా టీ పోసి ఇచ్చింది.  అయ్యగారు చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. ఆ ప్రార్థనలో ఆయన అమ్మను క్షమించమని అడగలేదు. ఇన్నాళ్ళూ ఆమె ద్వారా మమ్మల్ని పోషించినందుకు స్తోత్రమని చెప్పాడు. అంతే.

మళ్ళీ బల్ల ఆదివారం వచ్చింది. ముందు రోజు శనివారం మధ్యాహ్నం అమ్మకు చేయడానికి ఏమీ లేదు. విసుర్రాయి చుట్టూ ఊడ్చింది. కడిగిన బిందెనే మళ్ళీ కడిగింది. నన్ను ఊరికే రెండు తిట్లు తిట్టింది. ఈసారి రొట్టె సంఘపెద్ద భార్య చేస్తోందని, గోధుమలు గిర్నీకి పంపిందని మాకు తెలిసింది. "గిర్నీకా?" అని మాత్రం అంది అమ్మ.

గుడికి పోయాక ఆమె అలవాటు కొద్దీ వెనక తలుపు దగ్గరికి నడిచింది. అక్కడ సంఘపెద్ద భార్య గ్లాసులు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇయ్యాల నేను చూసుకుంట వదినే. నువ్వు ముందల పోయి కూసో."

ఆమె వెటకారంగా అనలేదు. పని తనది కాబట్టి అన్నది. అమ్మకు కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. బిందె లేదు, పళ్ళెం లేదు, వసారాలోకి పోవడానికి కారణం లేదు. వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుంది. వాటిని అట్లా ఖాళీగా నేను అంతకు ముందు చూడలేదు.

సంఘం ఆమెను పని నుంచి తప్పించింది శిక్షగానే. అది నిజం, దాన్ని నేను మెరుగులు దిద్ది చెప్పను. కానీ ఆ పని వెనకే ఆమె ఇన్నేళ్ళూ దాక్కుంది. వడ్డించేవాళ్ళను ఎవరూ తిన్నావా అని అడగరు. పని పోయేసరికి ఆమె కూడా అందరిలాగా ఆకలితో వచ్చిన మనిషి అయింది. పెద్దలు వేరే ఉద్దేశంతో చేసిన పనిని దేవుడు ఇట్లా వాడుకున్నాడని నా నమ్మకం.

మా వరస వంతు వచ్చింది. అమ్మకు అవతల పక్క కూర్చున్న ముసలవ్వ లేచింది. నేను లేచాను. అమ్మ లేవలేదు. ముసలవ్వ వంగి ఆమె భుజం మీద చెయ్యి వేసింది, పైకి లేపడానికి కాదు, తాను పడిపోకుండా ఆనుకోవడానికి.

"లే, నాకు మోకాళ్ళు నొస్తున్నయి. పట్టుకొని తీస్కపో."

అమ్మ లేచి ఆమెను పట్టుకుని ముందుకు నడిచింది. ముసలవ్వను మోకరింపజేసింది. తర్వాత తానూ పక్కన మోకరించింది. నేను ఆమెకు ఇవతల ఉన్నాను. అయ్యగారు వరసలో ఒక్కొక్కరికీ అవే మాటలు చెబుతూ వస్తున్నాడు. ఇది మీ కొరకు ఇవ్వబడినది. అమ్మ దగ్గరికి వచ్చాక కూడా అదే స్వరంతో అదే మాట చెప్పాడు. ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ మనసులో కృతజ్ఞత చెప్పుకుంటాను.

మిగతావాళ్ళం ఒక అరచేతిలో తీసుకుంటాం. అమ్మ అలవాటు తప్పిన మనిషి. రెండు చేతులూ కలిపి దోసిలి పట్టింది, బావి దగ్గర నీళ్ళు తాగేటప్పుడు పట్టినట్టు. అంత పెద్ద దోసిట్లో రొట్టె ముక్క చాలా చిన్నదిగా కనిపించింది. ఆమె దాన్ని కొంచెంసేపు చూసింది. తర్వాత నోట్లో వేసుకుంది.

వచ్చి కూర్చున్నాం. అందరూ తలలు వంచుకుని ప్రార్థనలో ఉన్నారు. అమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"ఉప్పేసింది," అంది.

నాకు నవ్వు ఆగలేదు. పెదవులు కొరుక్కున్నాను. అమ్మ భుజాలు కూడా కదులుతున్నాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి అది నవ్వు కాదని తెలిసింది. నేను అటు చూడలేదు. అవతల పక్క నుంచి ముసలవ్వ గొంతు, కొంచెం గట్టిగానే, "కానియ్ బిడ్డా, కానియ్," అంది.

ఆ తర్వాత సంఘంలో రొట్టె వంతుల వారీగా చేయడం మొదలైంది. అమ్మ వంతు కూడా ఉండేది. సంఘపెద్ద ఏడాది దాకా మా ఇంటికి రాలేదు, ఆ తర్వాత వచ్చాడు. మనవడి తాయెత్తు సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. పక్కింటి పెద్దమ్మ పోచమ్మకు బోనం ఎత్తుతూనే ఉంది, మా ఇంట్లో క్రిస్మస్‌నాడు తింటూనే ఉంది. అమ్మ పోచమ్మ గుడి దగ్గర అన్న మాటను ఎప్పుడూ చిన్నది చేసి చెప్పలేదు. తప్పు తప్పే అనేది. కానీ చెప్పేటప్పుడు నేలను చూడడం మానేసింది. మనం ఇచ్చిన మాట మీద ఆయన నిలబడి లేడు బిడ్డా, ఆయన మాట మీద ఆయన నిలబడ్డడు, అనేది. నా చదువంతా కలిపి ఇంతకంటే ఎక్కువ నేర్చుకున్నానని చెప్పలేను.

తొంభైల చివర అమ్మకు జబ్బు చేసింది. ముద్ద గొంతు దిగడం కష్టమైంది. అప్పటికి ఇంకో అయ్యగారు వచ్చాడు, ఈ పాత సంగతులేవీ ఆయనకు తెలియవు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, ఎండ ఇంకా వాకిట్లో ఉండగానే, బల్ల తీసుకుని మా ఇంటికి వచ్చాడు. నాయిన అమ్మను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. అయ్యగారు రొట్టె ముక్కను ద్రాక్షరసంలో నానబెట్టి, చెంచాతో నోటికి అందించాడు. అమ్మ మెల్లగా, చాలాసేపు నములుతూ మింగింది. నేను నీళ్ళ గ్లాసు అందించబోయాను. చేతితో వద్దంది. అయ్యగారి వైపు చూసింది.

"ఇంకింత పెట్టు," అంది.

బల్లలో రెండోసారి అడగడం ఉండదు. మా సంఘంలో ఎవరూ అడిగి ఉండరు. అయ్యగారు నాయినను చూశాడు. నాయిన నేలను చూస్తున్నాడు. నేను నీళ్ళ గ్లాసు కింద పెట్టాను. అయ్యగారు పళ్ళెంలోంచి ఇంకొక ముక్క తీసి, నానబెట్టి, ఆమెకు పెట్టాడు.